కీళ్ళ నొప్పికి లేజర్ కాంతి చికిత్స

జయపురం బజారులో ఉదయం నుండి రాత్రి వరకు నిలబడి వ్యాపారం చేసేవారు, రాయగడ కాగితపు మిల్లులో షిఫ్టులు చేసి పదవీ విరమణ పొందినవారు, సునాబెడ, దమన్‌జోడి కర్మాగారాలను నమ్ముకొని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుండి వచ్చి ఇక్కడే ఇళ్ళు కట్టుకొన్నవారు, ఎవరిని పలకరించినా యాభై దాటిన తరువాత మాట మోకాళ్ళ మీదికే వస్తుంది. కొండ ప్రాంతపు పట్టణాలు గనుక ఎక్కడం, దిగడం తప్పదు. ఆముదం రాసి కాపడం పెట్టుకోవడం, మందుల షాపులో నొప్పి బిళ్ళ కొని మింగడం, అదీ చాలకపోతే ‘కరెంటు పెట్టించుకోవడం’ మన ఇళ్ళలో అలవాటైన క్రమం. ఈ క్రమంలోకి ఇప్పుడు ‘లేజర్’ అనే మాట కూడా వచ్చి చేరింది. ఫిజియోథెరపీ కేంద్రాల బోర్డుల మీద ఆ మాట చూచి, అది ఏమిటో తెలియక కొందరు భయపడుతున్నారు. ఏమి చేయదో తెలియక మరికొందరు దాని మీద అతిగా ఆశ పెట్టుకొంటున్నారు.

లేజర్ అనగానే కంటి శస్త్రచికిత్సో, మూత్రపిండంలోని రాళ్ళను పొడి చేయడమో గుర్తుకు రావడం సహజం. ఆ లేజర్లు కోస్తాయి, కాలుస్తాయి. ఈ పాఠంలో చెప్పబోయే లేజర్ శక్తి వాటితో పోలిస్తే బహు స్వల్పం. చర్మం కోసుకుపోదు, కాలదు. చాలామందికి వెచ్చదనం కూడా తెలియదు. అందుచేతనే దీనిని తక్కువ స్థాయి లేజర్ చికిత్స అని వ్యవహరిస్తారు. శాస్త్ర గ్రంథాలలో నేడు వాడుకలో ఉన్న పేరు ఫోటోబయోమాడ్యులేషన్, అనగా కాంతితో జీవక్రియలను సవరించడం.

శోథ, నొప్పి

దెబ్బ తగిలినా, కీలు అరిగినా, రోగ నిరోధక శక్తి దారి తప్పి సొంత కీలు మీదనే దాడి చేసినా శరీరం ఇంచుమించు ఒకే విధంగా స్పందిస్తుంది. ఆ చోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలుగుతాయి. ఈ నాలుగు లక్షణాలను క్రీస్తు శకం మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ పేర్కొన్నాడు. ఈ స్థితికి మన వైద్య పరిభాషలో శోథ అని పేరు.

శోథ కలిగిన చోటికి రక్తనాళాలు విప్పారి రక్తం ఎక్కువగా వస్తుంది, తెల్లకణాలు చేరుతాయి, కణాలు కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. వాటిలో ప్రోస్టాగ్లాండిన్లు ముఖ్యమైనవి. ఇవి నరాల కొనలను అతి సున్నితంగా మారుస్తాయి. మామూలు రోజులలో లెక్కలోకి రాని మెట్టు ఎక్కడం, పీట మీద నుండి లేవడం అప్పుడు భరించరాని బాధ అవుతుంది. ఆస్పిరిన్ వంటి మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అడ్డుకోవడం ద్వారానే నొప్పిని తగ్గిస్తాయని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ నిరూపించాడు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. మూత్రపిండాల ప్రస్తావన వచ్చినప్పుడు దీనితో మళ్ళీ పని పడుతుంది.

బుడాపెస్ట్‌లో మొలిచిన వెంట్రుకలు

మొదటి లేజర్‌ను 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో నిర్మించాడు. కొద్ది ఏళ్ళలోనే వైద్యులు దానిని కేన్సర్ గడ్డల మీద ప్రయోగించసాగారు. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే శస్త్రవైద్యుడు కూడా ప్రయోగశాల జంతువుల వీపు మీద వెంట్రుకలు గొరిగి కెంపు లేజర్ కాంతిని ప్రసరింపజేశాడు. ఆయన వద్ద ఉన్న యంత్రం బలహీనమైనది కావడంతో గడ్డలు కరగలేదు. అయితే కాంతి పడిన చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి, గాయాలు త్వరగా మానాయి. 1967 నాటి ఈ పరిశీలనతోనే తక్కువ స్థాయి లేజర్ చికిత్సకు చరిత్ర ఆరంభమయింది. యంత్రానికి మరికొంత బలం ఉండి ఉంటే ఈ సంగతి ఆయన కంటపడేది కాదేమో.

కాంతితో రోగం నయం చేయాలనే ఆలోచన అంతకు ముందే ఉన్నది. చర్మ క్షయకు కాంతి చికిత్స కనుగొన్నందుకు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లోనే నోబెల్ బహుమతి లభించింది.

కాంతి లోపలికి ఎలా వెళుతుంది

చీకటి గదిలో టార్చి లైటును అరచేతి కింద పెట్టి చూడండి. వేళ్ళ సందులు ఎర్రగా వెలుగుతాయి. టార్చిలో అన్ని రంగుల కాంతి ఉన్నప్పటికీ నీలం, ఆకుపచ్చ కాంతులను రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకొంటుంది. ఎరుపు మాత్రం మాంసం గుండా కొంత దూరం ప్రయాణించి బయటపడుతుంది. లేజర్ చికిత్సకు ఎరుపును, దాని ఆవల కంటికి కనిపించని పరారుణ కాంతిని ఎంచుకోవడానికి కారణం ఇదే. ఎరుపు నుండి మరీ దూరం వెళ్ళితే శరీరంలోని నీరు కాంతిని పీల్చుకొంటుంది. ఈ రెండు అడ్డంకుల నడుమ ఉన్న కిటికీ సుమారు 600 నుండి 1000 నానోమీటర్ల వరకు ఉంటుంది. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు.

ఎరుపు కాంతి చర్మం నుండి కొద్ది మిల్లీమీటర్ల వరకే బలంగా చేరుతుంది. గాయాలకు, నోటి పుండ్లకు అది చాలు. మోకాలు, మెడ, మడమ వంటి చోట్లకు 800, 900 నానోమీటర్ల ప్రాంతంలోని పరారుణ కాంతిని వాడతారు. తుంటి కీలు వంటి లోతైన భాగానికి చేరే కాంతి అత్యల్పం. నల్లని చర్మంలోని మెలనిన్ కూడా కొంత కాంతిని ఆపుతుంది గనుక తెల్లవారి చర్మం మీద కుదిరిన లెక్కను మన చర్మం మీద యథాతథంగా వాడకూడదు. పచ్చబొట్టు ఉన్న చోట మరింత జాగ్రత్త అవసరం. బొట్టులోని రంగు కాంతిని పీల్చుకొని వేడెక్కుతుంది. ముంజేతి మీద, కాలి మీద పచ్చబొట్లు పొడిపించుకొన్న పెద్దవారు మన ఇళ్ళలోనూ, ఈ జిల్లాల గిరిజన కుటుంబాలలోనూ ఉన్నారు. చికిత్సకు ముందు వాటిని చూపించాలి.

ఇంతకూ కాంతి లోపలికి వెళ్ళి చేసే పని ఏమిటి? దాదాపు ప్రతి కణంలోను శక్తిని తయారు చేసే మైటోకాండ్రియాలు ఉంటాయి. వాటిలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము రాగి, ఇనుము అణువులను కలిగి ఉండి ఎరుపు, పరారుణ కాంతిని పీల్చుకొంటుంది. రష్యా శాస్త్రవేత్త టీనా కారు ఈ విషయం మీద దీర్ఘకాలం పరిశోధించారు. శోథకు గురైన కణంలో నైట్రిక్ ఆక్సైడ్ ఈ ఎంజైముకు అతుక్కొని ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుందనీ, కాంతి దానిని విడిపిస్తుందనీ, అప్పుడు కణంలో ఏటీపీ అనే శక్తి పదార్థం పెరిగి శోథను రేపే సంకేతాలు తగ్గుతాయనీ ఎక్కువమంది అంగీకరించిన వివరణ. దీనిని ప్రశ్నించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. నొప్పిని మోసే సన్నని నరాలలో సంకేతాల వేగాన్ని కాంతి తాత్కాలికంగా మందగింపజేస్తుందని కూడా ప్రయోగాలలో చూశారు.

సిద్ధాంతం ఎలా ఉన్నా, నార్వేలో జరిగిన ఒక చిన్న ప్రయోగం ముచ్చటైనది. రెండు కాళ్ళలోను మడమ వెనుక స్నాయువు వాచిన ఏడుగురిని తీసుకొని, ఒక కాలికి నిజమైన లేజర్, రెండవ కాలికి ఉత్తుత్తి లేజర్ ఇచ్చారు. స్నాయువు పక్కన సన్నని గొట్టం పెట్టి అక్కడి ద్రవంలో ప్రోస్టాగ్లాండిన్‌ను కొలిచారు. నిజమైన లేజర్ పడిన కాలిలో అది తగ్గింది. 2006లో ప్రచురితమైన ఈ ప్రయోగంలో మనుషులు ఏడుగురే. అయినా ‘నొప్పి తగ్గినట్లు అనిపించింది’ అనే మాటకు, రసాయనం తగ్గినట్లు కొలిచి చూపడానికి చాలా భేదం ఉన్నది.

మోతాదు

లేజర్‌లో మోతాదు లెక్క తెలిస్తే సగం విషయం తెలిసినట్లే. లెక్క తేలికైనది. యంత్రపు శక్తిని వాట్లలో తీసుకొని, కాంతి పడిన కాలాన్ని సెకన్లలో గుణిస్తే జౌళ్ళు వస్తాయి. 0.1 వాట్ యంత్రాన్ని ఒక బిందువు మీద 60 సెకన్లు ఉంచితే 6 జౌళ్ళు చేరినట్లు. అదే యంత్రాన్ని 10 సెకన్లు తాకించి తీసివేస్తే చేరేది 1 జౌల్ మాత్రమే. రోగి కంటికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

మోతాదు తక్కువైతే ఫలితం లేదు. ఎక్కువైతే ఫలితం పెరగదు సరికదా, ప్రయోగాలలో మేలు తగ్గి ఎదురు ఫలితం కూడా కనిపించింది. మొక్కకు నీరు పోసినట్లన్నమాట. చాలకపోతే వాడుతుంది, మునిగితే కుళ్ళుతుంది. ‘ఎక్కువ శక్తి గల యంత్రం గనుక ఎక్కువ మేలు’ అనే ప్రచారాన్ని అందుకే నమ్మనవసరం లేదు. అర వాట్ దాటిన యంత్రాలను నాలుగవ తరగతి లేజర్లు అంటారు. అవి చర్మాన్ని వేడెక్కిస్తాయి. ఒకే చోట ఉంచితే కాలే ప్రమాదం ఉన్నది.

మోకాళ్ళ అరుగుదల మీద 2019లో ప్రచురితమైన ఒక సమీక్ష ఈ సంగతిని బాగా చూపింది. 22 ప్రయోగాలు, 1063 మంది రోగులు అందులో ఉన్నారు. నొప్పిని 100 మార్కుల కొలబద్ద మీద కొలిచినప్పుడు, ఉత్తుత్తి చికిత్స పొందినవారి కంటె లేజర్ పొందినవారికి సుమారు 14 మార్కులు ఎక్కువగా తగ్గింది. అయితే ప్రయోగాలను మోతాదును బట్టి విడదీసి చూస్తే, ఒక్కొక్క బిందువుకు 785 నుండి 860 నానోమీటర్ల కాంతితో 4 నుండి 8 జౌళ్ళు, లేదా 904 నానోమీటర్ల కాంతితో 1 నుండి 3 జౌళ్ళు ఇచ్చినవాటిలో మేలు ఎక్కువగా కనిపించింది. చికిత్స ముగిసిన కొన్ని వారాల తరువాత కూడా నిలిచింది. ‘లేజర్ పెట్టించుకొన్నాను, ఏమీ తగ్గలేదు’ అనేవారి మాట, ‘నాకు హాయిగా ఉంది’ అనేవారి మాట రెండూ నిజమే కావడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఎంతవరకు నమ్మవచ్చు

మెడ నొప్పి విషయంలో 2009లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన సమీక్ష 16 ప్రయోగాలను, 820 మంది రోగులను పరిశీలించింది. దీర్ఘకాలిక మెడ నొప్పి ఉన్నవారికి చికిత్స ముగిసిన తరువాత 22 వారాల వరకు ఉపశమనం ఉండగలదని తేల్చింది. నడుము నొప్పికి ఋజువు బలహీనం. అమెరికా వైద్యుల కళాశాల 2017లో దీర్ఘకాలిక నడుము నొప్పికి మందులు లేని మార్గాలను పేర్కొంటూ లేజర్‌ను కూడా చేర్చినా, ఆధారాల నాణ్యత తక్కువ అని స్పష్టంగా చెప్పింది.

కీళ్ళవాతం, అనగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ సంగతి వేరు. 2005 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం లేజర్ వలన నొప్పి 10 మార్కులలో ఒకటికి కొంచెం పైగా తగ్గింది. ఉదయం కీళ్ళు బిగుసుకొని ఉండే కాలం సుమారు 27 నిమిషాలు తగ్గింది. ఉదయాన్నే బడికి పిల్లలను పంపవలసిన తల్లికి 27 నిమిషాలు చిన్న విషయమేమీ కాదు. కాని ఆ మేలు కొద్ది వారాలదే. కీళ్ళవాతంలో లోపల ఎముక, మృదులాస్థి క్షీణించిపోవడాన్ని లేజర్ ఆపగలదని ఋజువు లేదు. దానిని ఆపేవి మెథోట్రెక్సేట్ వంటి మందులు. వ్యాధి మొదలైన తొలి నెలలలోనే అవి ఆరంభించాలి. నొప్పి కొంత తగ్గింది కదా అని లేజర్ సిట్టింగులతో ఆరు నెలలు గడిపితే, వంకర తిరిగిన వేళ్ళను తిరిగి నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. ఈ చికిత్సలో నిజమైన ప్రమాదం కాంతిలో లేదు, ఇలా పోగొట్టుకొనే కాలంలో ఉన్నది.

ఉదయం లేచిన తరువాత బిగుసుదనం అరగంటలోపు వదిలి, నడిచినకొద్దీ నొప్పి పెరిగితే అది అరుగుదల కావచ్చు. గంట దాటినా వదలక, రెండు చేతుల చిన్న కీళ్ళూ వాచి ఉంటే కీళ్ళవాతాన్ని అనుమానించి ఈఎస్ఆర్, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ వంటి రక్త పరీక్షలు చేయించాలి.

ఉద్దానం నుండి వచ్చినవారికి

మందు లేకుండా నొప్పి తగ్గే మార్గం అందరికీ సౌకర్యమే. కొందరికి మాత్రం అది అవసరం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు ఊళ్ళలో, అనగా కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు, దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. దాని కారణం ఇంతవరకు నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. శ్రీకాకుళం నుండి ఈ పట్టణాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలలో ఉద్దానంలో బంధువులున్నవారు అరుదు కారు.

పైన చెప్పిన జాన్ వేన్ పరిశోధన ఇక్కడ పనికి వస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్ళలు శరీరమంతటా ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. మోకాలిలో బాధ పెట్టే ఆ రసాయనమే జీర్ణాశయపు పొరను కాపాడుతుంది. మూత్రపిండాలకు రక్తం అందే నాళాలను తెరచి ఉంచుతుంది. ఎండలో పని చేసి ఒంట్లో నీరు తగ్గినవారు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, ఇప్పటికే మూత్రపిండాలు బలహీనపడినవారు ఈ బిళ్ళలు రోజూ మింగితే నష్టం వేగంగా జరుగుతుంది. మన దేశంలో రాబందులు దాదాపు అంతరించిపోవడానికి పశువులకు వాడిన డైక్లోఫెనాక్ కారణమని, ఆ పశువుల కళేబరాలు తిన్న పక్షుల మూత్రపిండాలు చెడిపోయాయని తేలి, 2006లో ప్రభుత్వం పశువైద్యంలో దానిని నిషేధించింది. మనిషి రాబందు కాడు, నిజమే. అయినా చీటీ లేకుండా కొనే బిళ్ళ విషయంలో ఈ కథ ఒకసారి తలచుకోదగినది.

లేజర్ కాంతి పడిన చోటనే పని చేస్తుంది. మూత్రపిండాల వరకు వెళ్ళే మందు ఏదీ అందులో లేదు. కనుక క్రియాటినిన్ పెరిగినవారు, కడుపులో పుండ్లు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వ్యాయామంతో పాటు లేజర్‌ను గురించి వైద్యుని అడగడం సమంజసం. నా అభిప్రాయంలో ఈ చికిత్సకు ముందుగా అర్హులు వీరే. వ్యాయామంతో పాటు అనడం ఊరకనే కాదు. తొడ కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం లేకుండా మోకాలికి లేజర్ ఒక్కటే ఇస్తే, తగ్గిన నొప్పి తిరిగి రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

కాంతి పనికిరాని నొప్పులు

దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ వ్యాధి ఉన్నది. ఆ వ్యాధి ఉన్న పిల్లలకు, యువకులకు ఎముకలలో, కీళ్ళలో అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తుంది. అది రక్తనాళాలు మూసుకొనిపోవడం వలన కలిగే సంకటం. ఆ సమయంలో నీరు, ప్రాణవాయువు, ఆసుపత్రి కావాలి. ఫిజియోథెరపీ కేంద్రం కాదు. జ్వరంతో పాటు ఒకే కీలు ఎర్రగా వాచి ముట్టనీయకపోతే కీలులో చీము చేరి ఉండవచ్చు, అదీ అదే రోజు ఆసుపత్రికి వెళ్ళవలసిన స్థితి. రాత్రివేళ పెరిగే వెన్నునొప్పి, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం కలిసి ఉంటే వెన్నెముక క్షయ లేదని తేల్చుకోవాలి.

కేన్సర్ గడ్డ ఉన్న చోట, గర్భిణుల పొట్ట మీద, మెడ ముందు థైరాయిడ్ గ్రంథి మీద లేజర్ వాడరు. కాంతి నేరుగా కంటిలో పడకూడదు. పరారుణ కాంతి కనిపించదు గనుక కన్ను దానంతట అది మూసుకోదు. అందువలన చికిత్స చేసేవారు, చేయించుకొనేవారు ఇద్దరూ ఆ లేజర్‌కు తగిన కళ్ళజోడు పెట్టుకోవాలి. మామూలు నల్ల కళ్ళజోడు చాలదు. ఎండ పడితే చర్మం కందిపోయే మందులు, ఉదాహరణకు డాక్సీసైక్లిన్, వాడుతుంటే ముందే చెప్పాలి.

అడగవలసినవి

కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రిలో గాని, రాయగడ జిల్లా ప్రధాన ఆసుపత్రిలో గాని మొదట ఎముకల వైద్యునికి చూపించుకొని, నొప్పికి కారణం తెలుసుకొన్న తరువాతనే లేజర్ ఆలోచన చేయడం మంచిది. విశాఖపట్నం వెళ్ళవలసి వస్తే ఇక్కడి ఎక్స్‌రేలు, రక్త పరీక్షల కాగితాలు వెంట తీసుకొనిపోతే అదే ఖర్చు రెండుసార్లు పడదు.

ప్రైవేటు కేంద్రానికి వెళ్ళినప్పుడు యంత్రపు తరంగదైర్ఘ్యం ఎన్ని నానోమీటర్లు, శక్తి ఎంత, ఒక్కొక్క బిందువు మీద ఎన్ని సెకన్లు ఉంచుతారు, మొత్తం ఎన్ని బిందువులు అని అడగండి. శిక్షణ పొందినవారికి ఇవి కష్టమైన ప్రశ్నలు కావు, యంత్రం మీదనే ఉంటాయి. ఎర్ర బల్బు వేడి దీపాన్ని చూపి లేజర్ అని చెప్పేవారుంటే తేడా అక్కడే బయటపడుతుంది. సాధారణంగా వారానికి రెండు మూడు సిట్టింగుల చొప్పున మూడు నాలుగు వారాలు ఇస్తారు. మొత్తం ప్యాకేజీ సొమ్ము ముందే కట్టడం కంటె, మొదటి రోజున నొప్పికి పదికి ఎన్ని మార్కులో, ఎన్ని మెట్లు ఎక్కగలుగుతున్నారో కాగితం మీద వ్రాసుకొని, ఐదారు సిట్టింగుల తరువాత సరిచూచుకొని మిగిలినది నిర్ణయించుకోవచ్చు. ఏ మార్పూ లేకపోతే ఆ సొమ్ము వేరే పరీక్షకు ఉపయోగపడుతుంది.

ఒడియా అంతగా రాని పెద్దవారు ఓపీలో బాధ చెప్పుకోలేక ‘నొప్పి’ అని ఊరకుండడం తరచు చూస్తాము. మోకాలిని ఒడియాలో ఆంఠు అంటారు, వాపును ఫులా అంటారు, ఉదయాన్ని సకాళ అంటారు. కీళ్ళ జబ్బుకు గంఠిబాత అని పేరు. మన వాతమే అక్కడ బాత అయింది. ఉదయం కీళ్ళు ఎంతసేపు బిగుసుకొని ఉంటున్నాయో, ఏ బిళ్ళ ఎన్ని నెలలుగా వాడుతున్నారో ఒక చీటీ మీద వ్రాసి, ఆ బిళ్ళల అట్టను కూడా వెంట తీసుకొని వెళ్ళండి.